రెండు ఫ్లోరిన్ల సువార్త

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం పనులు మానుకుని ఒక పాత గ్రీకు పుస్తకం గురించి వినడానికి ఇంతమంది వచ్చారు. చాలా సంతోషంగా ఉంది.

మనలో చాలామందికి తెలిసిన విషయంతో మొదలుపెడతాను. మా ఊళ్లో ఒకే వీధిలో ఈ చివర క్యాథలిక్ చర్చి, ఆ చివర ప్రొటెస్టెంట్ చర్చి ఉండేవి. ఏసుక్రీస్తు శిష్యులకు నేర్పిన ప్రార్థనను రెండు చోట్లా చెప్పేవారు. మాది క్యాథలిక్ కుటుంబం. మేం దాన్ని పరలోక జపం అనేవాళ్లం. కీడు నుంచి తప్పించమని దేవుణ్ణి అడిగి ఆమెన్ అనేసేవాళ్లం. ఒకసారి స్నేహితుడితో కలిసి ఆ చివరి చర్చికి వెళ్లాను. ప్రార్థన వచ్చింది. నేను గట్టిగా ఆమెన్ అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు ఆగలేదు. "రాజ్యము, బలము, మహిమ నిరంతరము నీవైయున్నవి" అని ఇంకో వాక్యం చెప్పి అప్పుడు ముగించారు. నాకు సిగ్గేసింది. మా పూజలోనూ అలాంటి మాటలు వస్తాయి, కానీ జపంలో భాగంగా కాదు, కాసేపయ్యాక విడిగా.

ఈ తేడా ఎందుకని మా మాస్టారిని అడిగితే, "వాళ్ల పుస్తకంలో అలా ఉంది, మన పుస్తకంలో ఇలా ఉంది" అన్నారు. ఏ పుస్తకం? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తర్వాత ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు తాటాకు ప్రతులకు జాబితాలు రాశాను. ప్రతి పుస్తకం వెనకా ఇంకో పుస్తకం ఉంటుందని ఆ పనిలో తెలిసింది. ఇవాళ చెప్పబోయేది అలా వెనక్కి వెళ్తే ఎదురయ్యే ఒక వ్రాతప్రతి గురించి.

అది స్విట్జర్లాండులోని బాసెల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. పండితులు దాన్ని రెండో నంబరు ప్రతి అంటారు. 11 లేదా 12వ శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన నాలుగు సువార్తలు అందులో ఉన్నాయి. మొత్తం 248 చర్మపత్రాలు. ఎత్తు సుమారు 20 సెంటీమీటర్లు, వెడల్పు 15. మన స్కూలు నోటుబుక్కు కంటే కాస్త చిన్నది. పేజీకి 20 పంక్తులు. రాసినవాడెవరో తెలియదు.

చర్మపత్రం అంటే ఏమిటో ఒక్క నిమిషం చెప్పనివ్వండి. గొర్రె తోలో, మేక తోలో, దూడ తోలో సున్నపునీటిలో నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, చట్రానికి బిగించి ఆరబెడతారు. ఆరిన తర్వాత కూడా ఒక వైపు కాస్త పసుపుగా, గరుకుగా ఉంటుంది. అది వెంట్రుకల వైపు. రెండోది మాంసం వైపు, తెల్లగా, నునుపుగా ఉంటుంది. పత్రాలను మడిచి కట్టలుగా కుట్టేటప్పుడు పసుపు వైపు పసుపుకు ఎదురుగా, తెలుపు వైపు తెలుపుకు ఎదురుగా వచ్చేలా చూస్తారు. పుస్తకం తెరిస్తే రెండు పేజీలూ ఒకే రంగులో కనిపించాలని. ఆ తర్వాత సిరా లేకుండా మొనతో నొక్కి గీతలు గీస్తారు. తాటాకు మీద గంటం గీసిన గీత వేలికి తగిలినట్టే ఆ గీతా తగులుతుంది.

ఇక అక్షరాలు. పాత గ్రీకు పుస్తకాల్లో అన్నీ పెద్ద బడి అక్షరాలు, విడివిడిగా నిలబడి ఉంటాయి. 9వ శతాబ్దం నుంచి చిన్న అక్షరాల గొలుసుకట్టు రాత పుస్తకాల్లోకి వచ్చింది. కలం ఎత్తకుండా రాయొచ్చు, చోటు కలిసొస్తుంది, తోలు ఖర్చు తగ్గుతుంది. మన ప్రతి ఆ రాతలోనే ఉంది. గీత మీద కూర్చోకుండా, హిందీ అక్షరాల్లా గీత కింద వేలాడుతూ ఉండటం ఆ కాలపు గ్రీకు రాత అలవాటు. దేవుడు, ప్రభువు, ఏసు, క్రీస్తు లాంటి పేర్లు వస్తే లేఖకుడు పూర్తిగా రాయడు. మొదటి అక్షరం, చివరి అక్షరం రాసి పైన చిన్న గీత పెడతాడు. అది భక్తితో చేసే పని. పేజీని దూరం నుంచి చూసినా ఆ గీతలు కనబడతాయి, ఎక్కడెక్కడ దేవుడి పేరు ఉందో తెలిసిపోతుంది.

రెండో నంబరు అన్నాను కదా. విలువలో రెండోదనో, పాతదనంలో రెండోదనో అనుకోవద్దు. 18వ శతాబ్దంలో వెట్‌స్టైన్ అనే పండితుడు గ్రీకు క్రొత్త నిబంధన ప్రతులకు నంబర్లు వేశాడు. ఆయన సొంతూరు బాసెల్. తన ఊరి ప్రతులతో లెక్క మొదలుపెట్టాడు. అందుకే ఒకటి, రెండు నంబర్లు ఆ ఊరికే దక్కాయి. ఇవాళ అలాంటి గ్రీకు ప్రతులు 5,000కు పైగా జాబితాకెక్కాయి. అన్నీ కలిపి చూస్తే మన రెండో నంబరు చాలా మామూలు ప్రతి. కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న గ్రీకువాళ్ల బైజాంటైన్ సామ్రాజ్యమంతటా చర్చిల్లో చదువుకున్న పాఠమే, అంటే ఆ మాటల వరసే, ఇందులోనూ ఉంది.

గ్రీకు పుస్తకం స్విట్జర్లాండుకు ఎలా వెళ్లింది? దాని వెనక క్రైస్తవ సంఘాల పెద్ద రాజకీయం ఉంది. 1431లో బాసెల్‌లో క్యాథలిక్ మహాసభ మొదలైంది. కాన్‌స్టాంటినోపుల్ కేంద్రంగా ఉన్న తూర్పు చర్చితో రాజీ కుదుర్చుకోవాలని చర్చలు నడిచాయి. ఆ పని మీద డుబ్రోవ్నిక్‌కు చెందిన ఇవాన్ స్టొయ్‌కోవిచ్ అనే డొమినికన్ సన్యాసి 1435లో కాన్‌స్టాంటినోపుల్ వెళ్లి, 1437 దాకా అక్కడే ఉన్నాడు. ఉన్నన్నాళ్లూ గ్రీకు పుస్తకాలు సేకరించాడు. 1443లో చనిపోతూ వాటిని బాసెల్‌లోని డొమినికన్ మఠానికి వదిలి వెళ్లాడు. మరో పదేళ్లకు కాన్‌స్టాంటినోపుల్ తుర్కుల చేతికి చిక్కింది. ఆ మఠం అల్మరాల్లో అలా గ్రీకు ప్రతులు పోగుపడ్డాయి. వాటి పక్కనే మన రెండో నంబరు కూడా ఉండేది. సన్యాసులు దాన్ని రెండు రైన్ ఫ్లోరిన్లు, అంటే అప్పటి రెండు బంగారు నాణేలు, పెట్టి కొన్నారని 19వ శతాబ్దపు ఇంగ్లీషు పండితుడు స్క్రివెనర్ రాశాడు. దాన్ని తక్కువ రకం ప్రతి అని కూడా అన్నాడు. ఆ మాట చదివినప్పుడు నాకు బాధేసింది. 248 తోలు పత్రాల మీద ఒక మనిషి నెలల తరబడి వంగి కూర్చుని రాసిన పుస్తకం అది.

1514లో ఎరాస్మస్ బాసెల్ వచ్చాడు. అప్పటికే యూరప్‌లో ఆయనంతటి పేరున్న విద్వాంసుడు లేడు. ఆ ఊళ్లో యోహాన్ ఫ్రోబెన్ అనే గొప్ప ముద్రాపకుడు ఉన్నాడు. గ్రీకు క్రొత్త నిబంధనను అచ్చువేసి అమ్మాలని ఫ్రోబెన్ ఆలోచన. తొందర కూడా ఉంది. స్పెయిన్‌లోని అల్కలాలో కార్డినల్ సిస్నెరోస్ పండితులు 1514 జనవరికే గ్రీకు క్రొత్త నిబంధన అచ్చువేసి పెట్టుకున్నారు. పోప్ అనుమతి రాక అది బజారులోకి రాలేదు. ఆ సందు దొరికింది.

మఠంలో మంచి ప్రతి దొరుకుతుంది, నేరుగా ప్రెస్సుకు ఇచ్చేయొచ్చని ఎరాస్మస్ అనుకున్నాడు. తీరా చూస్తే దొరికినవాటిని దిద్దుకోకుండా ఇవ్వడం కుదరలేదు. వెనక్కి వెళ్లి వేరే ఊళ్లు తిరిగి వెతికే టైము లేదు. సువార్తల కోసం మన రెండో నంబరును తీసుకున్నాడు. దాని మీదే దిద్దాడు. వేరే కాగితం మీద ఎత్తి రాసుకోలేదు. పంక్తుల మధ్య, మార్జిన్‌లో తన సన్నని చేతిరాతతో మాటలు కలిపాడు, మార్చాడు. ఆ తర్వాత నాలుగు వందల ఏళ్లనాటి ఆ చర్మపత్రాల పుస్తకాన్ని కంపోజిటర్ల, అంటే అచ్చు అక్షరాలు పేర్చేవాళ్ల, బల్ల మీద పెట్టారు.

నేను ఎక్కువసేపు చూసిన పేజీ లూకా సువార్త ఆరో అధ్యాయం. "బీదలైన మీరు ధన్యులు" అని మొదలయ్యే చోటు. ఛాయాచిత్రంలోనే చూశాను. అసలు పేజీని చూసే భాగ్యం నాకు కలగలేదు. ఆ పేజీలో రెండు చేతులు కనిపిస్తాయి. ఒకటి లేఖకుడిది, గుండ్రంగా, తీరికగా, పంక్తికి పంక్తి ఒకే ఎడంతో. రెండోది ఎరాస్మస్‌ది, గబగబా, వాలుగా. ఇలాంటి చోట లేఖకుడి కన్ను జారడం సులభమని ప్రతులతో పనిచేసిన ఎవరికైనా తెలుసు. ధన్యులు, ధన్యులు, మళ్లీ ధన్యులు. తర్వాత అయ్యో, అయ్యో, మళ్లీ అయ్యో. మూలం వైపు చూసి, ఒక వాక్యం మనసులో పెట్టుకుని, రాసి, మళ్లీ తల తిప్పేసరికి కన్ను ఇంకో "అయ్యో" దగ్గర వాలుతుంది. మధ్యలోది ఎగిరిపోతుంది. మన భారతం ప్రతుల్లో, శతకాల ప్రతుల్లో పాదాలకు పాదాలు ఇలాగే ఎగిరిపోయాయి. "యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా" అని మన లేఖకులు చివర రాసుకునేవారు. చూసిన పుస్తకం ఎలా ఉందో అలాగే రాశాను, తప్పుంటే నన్ను నిందించవద్దు అని. ప్రతి తాటాకు కట్ట చివరా ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఆ మనిషి నడుం నొప్పి గుర్తొస్తుంది.

ఇంకో సంగతి. ఆ ప్రతి పేజీల మీద అక్కడక్కడా ఎర్ర సుద్ద గీతలు ఉన్నాయి. అచ్చు పుస్తకంలో ఏ పేజీ ఎక్కడ ముగిసి ఏది ఎక్కడ మొదలవుతుందో కంపోజిటర్ పెట్టుకున్న గుర్తులు అవి. స్క్రివెనర్‌కు అవి అనాగరికమైన పనిగా తోచాయి. నిజమే, పవిత్ర గ్రంథం మీద, అదీ పాత ప్రతి మీద సుద్దతో గీయడం మనసు చివుక్కుమనే పనే. అయినా నాకు ఆ గీతలు చాలా ఇష్టం. చేతిరాత యుగం అచ్చు యుగంలోకి అడుగుపెట్టిన చోటును వేలు పెట్టి చూపించమంటే నేను ఆ ఎర్ర గీతనే చూపిస్తాను.

అచ్చు పని 1515 అక్టోబరులో మొదలై 1516 మార్చి ఒకటో తేదీకి ముగిసింది. దాదాపు వెయ్యి పేజీల పుస్తకం ఐదు నెలల్లో అచ్చయింది. ఒక పక్క గ్రీకు, ఒక పక్క ఎరాస్మస్ సవరించిన లాటిన్, చివర ఆయన వ్యాఖ్యలు. తప్పులు చాలా పడ్డాయి. పరిష్కరించాను అనడం కంటే తొందరగా తోసేశాను అనడం సబబు అని ఎరాస్మసే ఒప్పుకున్నాడు. సువార్తల సంగతి పక్కన పెట్టి ఒక్క ఉదాహరణ: క్రొత్త నిబంధనలో చివరిదైన ప్రకటన గ్రంథానికి ఆయన దగ్గరున్న ఒకే ఒక గ్రీకు ప్రతిలో చివరి ఆకు లేదు. ఆఖరి ఆరు వచనాలను లాటిన్ నుంచి తానే గ్రీకులోకి తిరిగి రాసేశాడు. ప్రెస్సు ఆగకూడదు కదా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అదే మఠంలో ఇంకో ప్రతి ఉండేది, ఒకటో నంబరు. 12వ శతాబ్దపుది. ప్రకటన గ్రంథం తప్ప క్రొత్త నిబంధన అంతా అందులో ఉంది. పేజీ ఇంకా చిన్నది, అందులో 38 పంక్తులు కిక్కిరిసి ఉంటాయి. ఎరాస్మస్ దాన్ని చూశాడు, అక్కడక్కడా వాడుకున్నాడు. ప్రెస్సుకు మాత్రం ఇవ్వలేదు. దిద్దడానికి అందులో చోటేదీ? పైగా దాని సువార్తల పాఠం మిగతా గ్రీకు ప్రతులకు భిన్నంగా ఉండటంతో ఆయనకు గురి కుదరలేదు. 1902లో కిర్సాప్ లేక్ అనే పండితుడు ఆ ఒకటో నంబరును మరికొన్ని ప్రతులతో పోల్చి చూశాడు. ఆ భిన్నమైన పాఠం చాలా పాత పరంపరకు చెందినదని తేలింది. చేతిలో ఉన్న రెండు పుస్తకాల్లో తక్కువ విలువైనది అచ్చుకు వెళ్లింది, ఎక్కువ విలువైనది అల్మరాలోకి వెళ్లింది.

ఆ ఒకటో నంబరులో మత్తయి సువార్త ఆరో అధ్యాయం తీస్తే ప్రార్థన చివర "రాజ్యము, బలము, మహిమ" ఉండదు! కీడు నుంచి తప్పించమనే మాటతో ఆగిపోతుంది. మా వీధిలో ఈ చివరి చర్చిలో ఆగినట్టు. లాటిన్ బైబిల్లోనూ అంతే, అందుకే క్యాథలిక్కులు అక్కడ ఆగుతారు. మామూలు బైజాంటైన్ ప్రతుల్లో ఆ మాటలు ఉన్నాయి, ఎరాస్మస్ అచ్చులోకి అవే వచ్చాయి. ఆయనకు అనుమానం లేక కాదు. ఆరాధనలో చెప్పుకునే మాటలు ప్రార్థనకు అతుక్కున్నాయని తన వ్యాఖ్యల్లో రాశాడు. కానీ వ్యాఖ్యలు చదివేవాళ్లు ఎంతమంది? మూలం అందరూ చదువుతారు.

ఆ అచ్చు ఎంత దూరం ప్రయాణించిందో చూడండి. 1519 నాటి రెండో కూర్పు నుంచి లూథర్ జర్మన్‌లోకి తెచ్చాడు, అది 1522లో వచ్చింది. టిండేల్ ఇంగ్లీషు అనువాదం 1526లో. 1550లో పారిస్‌లో స్తెఫానస్ వేసిన అందమైన గ్రీకు కూర్పు, 1611లో ఇంగ్లండ్ రాజు జేమ్స్ ఆజ్ఞతో వచ్చిన బైబిలు, అన్నీ ఆ వేరు మీద మొలిచినవే. 1633లో లైడెన్ నగరంలోని ఎల్జెవిర్ ముద్రాపకులు తమ కూర్పు ముందుమాటలో ఇది అందరూ అంగీకరించిన పాఠం అని రాసుకున్నారు. ఆ మాట పేరుగా స్థిరపడింది. సర్వాంగీకృత పాఠం. ప్రతులు పోల్చి, తూచి, తేల్చి అంగీకరించినది కాదది. అచ్చులో దొరికేది అదే కాబట్టి అందరి చేతుల్లోకి వెళ్లింది. 19వ శతాబ్దంలో పాత ప్రతులను పోల్చి కొత్త కూర్పులు వేసిన లాఖ్‌మన్, టిషెండార్ఫ్ లాంటి పండితులు వచ్చేదాకా, అంటే మూడు వందల ఏళ్లకు పైగా, మూలమంటే అదే.

మన దాకా కూడా వచ్చింది. 1805లో విశాఖపట్నం వచ్చిన మిషనరీ డెగ్రాంజెస్, ఆనందరాయర్ అనే తెలుగు పండితుడి సాయంతో మత్తయి, మార్కు, లూకా సువార్తలను తెలుగు చేశాడు. ఆయన పోయాక 1812లో అవి సేరంపూరులో అచ్చయ్యాయి. ఆ రోజుల్లో ప్రొటెస్టెంటు మిషనరీల దగ్గర గ్రీకు మూలమంటే ఎరాస్మస్ నుంచి నడిచి వచ్చిన పాఠమే. మా వీధి ఆ చివరి చర్చిలో వినిపించిన వాక్యం విశాఖ మీదుగా, లండన్ మీదుగా, బాసెల్ ప్రెస్సు మీదుగా, ఆ పేరు తెలియని బైజాంటైన్ లేఖకుల దాకా వెళ్తుంది. ఆ వాక్యం తప్పని నేను అనడం లేదు. ఎన్నో తరాల వాళ్లు ప్రాణం పెట్టి పలికిన మాట అది. అది ఏ దారిన వచ్చిందో తెలిశాక దాన్ని ఇంకా జాగ్రత్తగా పలుకుతున్నాను, అంతే. మీ ఇళ్లలో తెలుగు బైబిలు ఉంటే పేజీల అడుగున చిన్న అక్షరాల్లో "కొన్ని ప్రాచీన ప్రతులలో" అని మొదలయ్యే గమనికలు చూడండి. దయచేసి వాటిని దాటేయకండి. ఆ నాలుగు మాటల వెనక ఇలాంటి ప్రతులు ఉన్నాయి.

చివరగా ఒకటో నంబరు ప్రతి గురించి ఇంకో మాట చెప్పాలి. నాకు ఈ విషయంలో అన్నిటికంటే దగ్గరగా అనిపించేది అదే.

మార్కు సువార్త చివర, పదహారో అధ్యాయం ఎనిమిదో వచనం దగ్గర, స్త్రీలు భయపడి సమాధి నుంచి పరుగెత్తిపోయిన చోట, ఆ ప్రతిలో ఒక గమనిక ఉంది. కొన్ని ప్రతుల్లో సువార్త ఇక్కడితో ముగుస్తుందని, సువార్తలను నంబర్లున్న భాగాలుగా విడదీసిన 4వ శతాబ్దపు పండితుడు యూసేబియస్ లెక్క కూడా ఇక్కడిదాకానేనని, చాలా ప్రతుల్లో మాత్రం కింది మాటలు కూడా ఉన్నాయని. లేఖకుడు అది రాసి, ఆ కింది మాటలూ రాశాడు. దాచలేదు, తీసేయలేదు.

ఇక యోహాను సువార్త. వ్యభిచారమందు పట్టబడిన స్త్రీ కథ మీకందరికీ తెలుసు. "మీలో పాపము లేనివాడు మొట్టమొదట ఆమెమీద రాయి వేయవచ్చును." ఏడో అధ్యాయం చివర, ఎనిమిదో అధ్యాయం మొదట ఉండే కథ. ఒకటో నంబరు ప్రతిలో అక్కడ వెతికితే దొరకదు. కథ లేకుండానే సువార్త ముందుకు సాగుతుంది. యోహాను మొత్తం అయిపోయాక, చివర, ఒక గమనిక వస్తుంది. ఈ భాగం ఎక్కువ ప్రతుల్లో లేదని, వ్యాఖ్యానం రాసిన పెద్దలు క్రిసోస్టమ్, అలెగ్జాండ్రియా సిరిల్, మోప్సువెస్తియా థియోడర్ దీన్ని ప్రస్తావించలేదని చెబుతుంది. ఇది 12వ శతాబ్దపు ఆ లేఖకుడి సొంత మాట కూడా కాదు. గ్రీసులోని ఆథోస్ కొండ మీద వాటోపెడి మఠంలో ఉన్న ఒక ప్రతిలో, 10వ శతాబ్దంలో ఎఫ్రాయిం అనే లేఖకుడు రాసిన దానిలో, ఇదే గమనిక ఉంది. అంతకుముందెప్పుడో ఒక జాగ్రత్తపరుడు రాసిన మాటను ఒకరి తర్వాత ఒకరు మూలంతో సమానంగా చూసి ఎత్తి రాస్తూ వచ్చారు. యాదృశం, తాదృశం.

ఎరాస్మస్ ఆ కథను అచ్చులో ఎప్పటి చోటే ఉంచాడు. చాలా గ్రీకు ప్రతుల్లో అది లేదని వ్యాఖ్యల్లో రాశాడు. ఒకటో నంబరు గమనిక మాత్రం మఠం అల్మరాలోనే ఉండిపోయింది.

ఆ గమనికలో ఇంకో వాక్యం ఉంది. ఈ కథను దాని చోట నేను విడిచిపెట్టాను అంటాడు గమనిక రాసినవాడు. అని ఊరుకోడు. చదివేవాడికి దారి చెబుతాడు. ఇది ఉండే చోటు యూసేబియస్ లెక్కలో 86వ భాగం మొదలైన కాస్త తర్వాత, "విచారించి చూడుము, గలిలయలో ఏ ప్రవక్తయు పుట్టడు" అన్న మాటల వెంటనే అని రాస్తాడు. అలా చెప్పి, కింద ఆ స్త్రీ కథను మొదటి నుంచి చివరి దాకా రాశాడు.